తుంటి ఎముకలో సన్నటి చీలిక: ఎక్స్‌రే నుంచి ఎంఆర్ఐ దాకా నా అనుభవం

జులై రెండో వారంలో కుడి మోకాలి పైన నొప్పి మొదలైంది. చిప్ప మీద కాదు, దానికి కాస్త పైన, తొడ ముందు భాగంలో. కుర్చీలోంచి లేచి మొదటి నాలుగడుగులు వేసేటప్పుడు కలుక్కుమనేది, తర్వాత సర్దుకునేది. పడుకుంటే ఉండేదే కాదు. అంతకు ముందు నెలే నా నడక పరుగులోకి మారింది. అప్పటిదాకా పొద్దున అరగంట నడిచేదాన్ని, ఆ నెల నుంచి మధ్యమధ్యలో పరిగెత్తుతూ గంట దాటించేదాన్ని. నాకు యాభై నాలుగేళ్ళు, నెలసరి ఆగి ఆరేళ్ళు. పరుగు, నెలసరి, ఈ రెండు సంగతులూ అక్టోబరు దాకా నన్ను ఎవరూ అడగలేదు. చివరికి కథంతా వాటి చుట్టూనే తిరిగింది.

ఆగస్టు మొదట్లో మోకాలికి ఎక్స్‌రే తీశారు. పడుకోబెట్టి తీస్తారనుకుంటే నిలబెట్టి తీశారు. బరువు మోస్తున్నప్పుడే రెండు ఎముకల మధ్య సందు ఎంతుందో సరిగ్గా తెలుస్తుందట. మనం గుజ్జు అరిగింది అంటామే, ఆ గుజ్జు ఎక్స్‌రేలో కనపడదు. సందు తగ్గితే గుజ్జు తగ్గిందని లెక్క వేసుకుంటారు, అంతే. నాకు సందు కొంచెం తగ్గింది, వయసుతో వచ్చేదే అన్నారు. నొప్పి మాత్రలు, మోకాలి పట్టీ. పది రోజులు హాయిగా ఉంది. మాత్రలు ఆపగానే నొప్పి తిరిగొచ్చింది, ఈసారి గజ్జలో కూడా. ఒక్కోసారి పిర్ర వైపుకీ పాకేది.

ఇలా పైనుంచి కిందికి పాకే నొప్పి అనగానే అందరూ నడుము వైపే చూస్తారు. ఆగస్టు చివర్లో నడుముకి ఎంఆర్ఐ రాశారు. ఈ మొత్తం వ్యవహారంలో మొదటి పెద్ద ఖర్చు అదే. మోకాలి ఎక్స్‌రేకి అయినదానికి ఎన్నో రెట్లు. స్లాట్ కోసం వారం పైగా ఆగాను. రిపోర్టులో నాలుగో, ఐదో నడుము పూసల మధ్య డిస్క్ కొద్దిగా బయటికి ఉబ్బిందని వచ్చింది. ఆ రోజు నాకు బాధకంటే నెమ్మది ఎక్కువగా అనిపించింది. నొప్పికి ఓ పేరు దొరికింది కదా! నొప్పే లేని యాభై ఏళ్ళవాళ్ళను వరసగా నిలబెట్టి ఎంఆర్ఐ తీసినా సగానికి పైగా మందిలో ఇలాంటి ఉబ్బు కనపడుతుందని చాలా తర్వాత తెలిసింది. స్కాన్‌లో కనపడింది కాబట్టి నొప్పి దాని వల్లే అని ఖాయం చేసుకోవడానికి లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఎంఆర్ఐ అంటే ఆ గొట్టంలోకి వెళ్ళిన ఒళ్ళంతటినీ చూసేస్తుందనుకుంటారు. అలా ఉండదు. ఏ భాగం రాస్తే ఆ భాగానికే కాయిల్ అనే పరికరం అమర్చి, అక్కడికే పరిమితమై బొమ్మలు తీస్తారు. నా నడుము బొమ్మల్లో తుంటి కీలు లేనే లేదు. అసలు జబ్బు ఆ ఫ్రేముకి జానెడు దూరంలో ఉంది.

సెప్టెంబరులో నరాల పరీక్ష, అంటే నర్వ్ కండక్షన్, ఈఎంజీ. డిస్క్ నరాన్ని నొక్కుతోందేమో చూడటానికి. కాళ్ళకు నూనె, క్రీము రాసుకు రావద్దని ముందే చెప్పారు. గది చల్లగా ఉండి నా పాదాలు మంచులా అయిపోతే, వాటిని వెచ్చబరిచేదాకా పరీక్ష మొదలుపెట్టలేదు. కాళ్ళు చల్లగా ఉంటే నరంలో సంకేతం నెమ్మదిగా వెళ్తుందట, బాగున్న నరం కూడా దెబ్బతిన్నట్టు కనపడుతుందట. చీలమండ దగ్గర, మోకాలి వెనక చిన్న చిన్న కరెంటు షాకులు ఇచ్చారు. నా పాదం నా ప్రమేయం లేకుండా ఎగిరిపడటం చూసి మొదట నవ్వొచ్చింది. సూది భాగానికొచ్చేసరికి నవ్వు పోయింది. సన్నటి సూదిని కండలోకి గుచ్చి, ఇప్పుడు బిగించండి, ఇప్పుడు వదలండి అంటారు. కండ బిగించినప్పుడు మెషీన్‌లోంచి వాన పడుతున్న చప్పుడు వస్తుంది. అంతా కలిపి ముప్పావు గంట. ఫలితం నార్మల్.

నార్మల్ అంటే ఇంట్లోవాళ్ళు సంబరపడ్డారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నడుస్తుంటే కాలు కుంటుతోంది, పరీక్షలేమో ఏమీ లేదంటున్నాయి. మా ఆయన ఏమీ అనకపోయినా, నేనేదో పెద్దది చేస్తున్నానని అనుకుంటున్నాడేమోనని నాకే అనిపించడం మొదలైంది. ఆ నెలంతా నొప్పి సంగతి ఇంట్లో ఎత్తడం మానేశాను.

దారి మార్చింది ఫిజియోథెరపీ అమ్మాయి. నడుము వ్యాయామాల కోసం సెప్టెంబరు మూడో వారం నుంచి తన దగ్గరికి వెళ్తున్నాను. రోజురోజుకీ నొప్పి పెరుగుతోంది. ఒకరోజు తను వ్యాయామాలన్నీ ఆపేసి, “ఆంటీ, ఒక్కసారి కుడి కాలి మీద నిలబడండి” అంది. గోడ పట్టుకుని నిలబడ్డాను, రెండు సెకన్లు కూడా ఆగలేకపోయాను. “ఇది నడుము నొప్పిలా లేదు. తుంటి చూపించుకునేదాకా నేను ఏమీ చేయించను” అని, వచ్చే సెషన్ల డబ్బు తీసుకోకుండా ఎముకల డాక్టరుకి ఉత్తరం రాసిచ్చింది. ఆవిడకి నేను చాలా రుణపడి ఉన్నాను. అపాయింట్‌మెంట్ దొరకడానికి దాదాపు రెండు వారాలు పట్టింది.

అక్టోబరు 9న ఎముకల డాక్టరు దగ్గర. నా ఫైలు బల్ల మీద పెట్టబోతే, “అది తర్వాత చూద్దాం. నొప్పి ఎక్కడో మీరే చూపించండి” అన్నారు. నేను చేత్తో తుంటి పక్కన పట్టుకున్నాను, బొటనవేలు వెనక పిర్ర మీద, మిగతా వేళ్ళు ముందు గజ్జలో. ఆయన నా చేతి వైపు చూసి, “కీలులోపలి నొప్పి ఉన్నవాళ్ళు చాలామంది ఇలాగే పట్టుకుంటారు” అన్నారు. తర్వాత పడుకోబెట్టి, కాలిని ఎత్తకుండా, పరుపు మీద రొట్టెల కర్ర దొర్లించినట్టు అటూ ఇటూ దొర్లించారు. నడుము కదలలేదు, మోకాలు వంగలేదు, కదిలింది తుంటి కీలు ఒక్కటే. లోపలి వైపు తిప్పగానే అరిచాను. మూడు నెలలుగా ఎవరూ అక్కడ చేయి పెట్టలేదు. తుంటి కీలుకీ మోకాలికీ కొన్ని నరాలు ఉమ్మడిగా ఉంటాయనీ, అందుకే తుంటిలో దెబ్బ ఉంటే మోకాలి దగ్గర నొప్పి తెలియడం మామూలేననీ అప్పుడు చెప్పారు. నెలసరి ఎప్పుడు ఆగింది, ఇంట్లో ఎవరికైనా ముసలితనంలో తుంటి విరిగిందా, స్టెరాయిడ్ మాత్రలు వాడారా, ఈమధ్య నడక పెంచారా అని వరసగా అడిగారు. అమ్మకి డెబ్బై ఒకటో ఏట తుంటి విరిగింది. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు నాకే వేరేగా వినపడింది.

అప్పటికప్పుడే తుంటి ఎక్స్‌రే. రెండు పాదాల బొటనవేళ్ళూ ఒకదానికొకటి తగిలేలా కాళ్ళు లోపలికి తిప్పి ఉంచమన్నారు టెక్నీషియన్. నొప్పి పుట్టించే కదలిక సరిగ్గా అదే. వదిలేయమని బతిమాలితే, “కాస్త ఓర్చుకోండమ్మా, తిప్పకపోతే మెడ పొట్టిగా పడుతుంది” అన్నారు. మెడ అంటే తొడ ఎముక మెడ. తొడ ఎముక పైన గుండ్రటి తల ఉంటుంది, అది కటి ఎముక గిన్నెలో కూర్చుంటుంది. తలకీ కింది పొడుగాటి కాడకీ మధ్య ఏటవాలుగా ఉండే సన్నటి భాగం మెడ. అది పక్కకి ఏటవాలుగా ఉండటమే కాక, పెద్దవాళ్ళలో సుమారు 15 డిగ్రీలు ముందుకి కూడా వాలి ఉంటుంది. పాదం లోపలికి తిప్పితే ఆ వాలు సరిపోయి మెడ పూర్తి నిడివితో ఫిల్ములో పడుతుంది.

ఆ ఎక్స్‌రేని తెర మీద పెద్దది చేసి చూపించారు. ఎముక లోపల సన్నటి గీతలు, తల పైనుంచి మెడ లోపలి అంచుకి దిగుతూ కొన్ని, పక్క నుంచి వంపు తిరుగుతూ కొన్ని. శరీరం బరువు ఏ దారిన కిందికి దిగుతుందో ఆ దారినే ఎముక లోపలి స్పాంజిలాంటి భాగం తన పోగుల్ని పేర్చుకుంటుందట. అంత నొప్పిలోనూ కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. అయితే చీలిక మాత్రం కనపడలేదు. ఎక్స్‌రే రిపోర్టు కూడా నార్మల్.

ఈసారి ఆ మాట విని ఆయన ఫైలు మూయలేదు. “ఎక్స్‌రేలో లేనంతమాత్రాన ఎముకలో లేదని కాదు. తుంటికి ఎంఆర్ఐ తీద్దాం. అది వచ్చేదాకా ఈ కాలి మీద బరువు వేయొద్దు” అని చంకకర్రలు తెప్పించారు. నేను నడిచే వచ్చానని చెబితే, “వచ్చారు, కానీ నడిచి వెళ్ళడానికి వీల్లేదు” అన్నారు. చక్రాల కుర్చీలో కారు దాకా తోసుకెళ్ళారు. దారిలో తెలిసినవాళ్ళు ఎవరైనా కనపడతారేమోనని తల దించుకున్నాను. ఎందుకో సిగ్గేసింది.

ఎంఆర్ఐ అక్టోబరు 11న. నడుముకి ఆరు వారాల క్రితమే తీశారు కదా అని ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట ఒప్పుకోలేదు. డాక్టరు ఫోన్ చేసి భాగం వేరు, అనుమానం వేరు అని చెప్పాక సాయంత్రానికి ఒప్పుకున్నారు. మీకూ ఇలాంటి పరిస్థితి వస్తే, మీరు వాదించడం కంటే రాసిన డాక్టరు చేత మాట్లాడించండి.

లోపలికి వెళ్ళేముందు ఒంటి మీద లోహం ఉందా, గుండెకి పేస్‌మేకర్ ఉందా, కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా అని రెండుసార్లు అడిగారు. జడలో మర్చిపోయిన సైడుపిన్ను రెండోసారి అడిగినప్పుడే గుర్తొచ్చింది. తుంటికి తీసేటప్పుడు తల గొట్టం అంచు దాకా వచ్చేస్తుంది, కాబట్టి నడుముకి తీసినప్పటంత భయం వేయలేదు. మోకాళ్ళ కింద దిండు పెట్టి, రెండు పాదాలూ కదలకుండా టేపుతో కలిపి అంటించారు. చేతికి రబ్బరు బుడ్డి ఇచ్చి, భరించలేకపోతే నొక్కమన్నారు. చప్పుడు సంగతి అందరూ చెబుతారు, చెవుల్లో దూది లాంటివి పెట్టినా డ్రిల్లింగ్ మెషీన్ పక్కన పడుకున్నట్టే ఉంటుంది. చెప్పనిది, ఒళ్ళు వెచ్చబడటం. తుంటి దగ్గర గోరువెచ్చగా అయింది, అది మామూలేనట. అసలు కష్టం కదలకుండా ఉండటం. అరగంట దాటాక గజ్జలో సలుపు మొదలైంది, కదిలితే మళ్ళీ మొదటినుంచి తీయాలి. ఒకటి నుంచి వంద లెక్కపెడుతూ, మళ్ళీ వెనక్కి లెక్కపెడుతూ గడిపాను.

రిపోర్టు ఆ రాత్రే ఫోనుకి వచ్చింది, డాక్టరు అపాయింట్‌మెంట్ మర్నాడు మధ్యాహ్నం. ఆ రెండింటి మధ్య గడిచిన రాత్రి అన్నిటికంటే చెడ్డది. “బోన్ మారో ఎడీమా” అన్న మాట చూసి, బోన్ మారో అనగానే క్యాన్సర్ అనుకున్నాను. నిద్రపోతున్న మా ఆయన్ని లేపకుండా తెల్లవారేదాకా ఫోనులో వెతికాను. ఎముక మూలుగలో నీరు చేరింది, వాపు ఉంది అన్నంతవరకే దాని అర్థం. దెబ్బ తగిలినా, చీలిక వచ్చినా, ఇంకెన్నో కారణాలతోనూ చేరుతుంది. రిపోర్టు మనకి ముందే పంపేసి, దాన్ని చదివి చెప్పే మనిషిని మర్నాటి దాకా ఆపడం మంచి పద్ధతేనా అని ఇప్పటికీ నాకు అనుమానమే.

మర్నాడు డాక్టరు రిపోర్టు కంటే బొమ్మలే ఎక్కువ చూపించారు. ఒక రకం బొమ్మల్లో మూలుగలోని కొవ్వు తెల్లగా వెలుగుతోంది, ఆ తెలుపులో మెడ లోపలి అంచు నుంచి ఒక నల్లటి గీత. పెన్సిలుతో గీసినంత సన్నం. రెండో రకం బొమ్మల్లో కొవ్వుని కావాలని నల్లబరుస్తారు, నీరు మాత్రమే తెల్లగా మెరుస్తుంది. అందులో ఆ గీత చుట్టూ తెల్లటి మబ్బు. అదే ఎడీమా. స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఒక్క దెబ్బకి కాక అదేపనిగా పడే భారానికి వచ్చే సన్నటి చీలిక, తొడ ఎముక మెడలో, లోపలి కింది వైపు. మెడ వెడల్పులో సగం దాకా రాలేదు.

ఆ “లోపలి కింది వైపు” అన్న మాట మీదే నాకు ఆపరేషన్ కావాలా వద్దా అన్నది ఆధారపడి ఉంది. నిలబడినప్పుడు బరువంతా తల మీద పడి మెడని కిందికి వంచాలని చూస్తుంది. అప్పుడు మెడ పైభాగం సాగుతుంది, కిందిభాగం నొక్కుకుంటుంది. పైవైపు చీలిక వస్తే ప్రతి అడుగూ దాన్ని ఇంకాస్త తెరుస్తుంది కాబట్టి, చాలావరకు స్క్రూలు వేసేస్తారు. కిందివైపు చీలిక అడుగడుక్కీ దగ్గరికే నొక్కుకుంటుంది, సగం దాటకపోతే బరువు తీసేసి మానేదాకా ఆగొచ్చు. “ఇది పూర్తిగా విరిగి పక్కకి జరిగిపోతే ఏమయ్యేది?” అని అడిగాను. తలకి రక్తం తీసుకెళ్ళే నాళాలు చాలావరకు ఈ మెడని అంటిపెట్టుకునే పైకి వెళ్తాయనీ, మెడ విరిగి జరిగితే అవి తెగి తల చచ్చుబడిపోయే ప్రమాదం ఉందనీ, కీలు మార్పిడి దాకా వెళ్ళాల్సి రావచ్చనీ చెప్పారు. మూడు నెలలు ఆ మెడ మీదే మెట్లెక్కి దిగాను. ఒళ్ళు జలదరించింది.

ఎక్స్‌రే ఎందుకు పట్టుకోలేదని కూడా అడిగాను. ఎముక ఎప్పుడూ తనను తాను తవ్వుకుంటూ, పూడ్చుకుంటూ ఉంటుంది. పాత భాగాన్ని తినేసే కణాలు కొన్ని వారాల్లో పని ముగిస్తాయి, కొత్త ఎముక వేసే కణాలకి నెలలు పడుతుంది. ఉన్నట్టుండి పని పెరిగితే తవ్వకం ముందుకెళ్ళి, పూడ్చడం వెనకబడుతుంది. ఆ ఎడంలో పుట్టే చీలిక మొదట్లో ఎక్స్‌రేకి అందనంత చిన్నది. మామూలుగా విరిగిన ఎముక మానేటప్పుడు చుట్టూ గడ్డ కట్టినట్టు కొత్త ఎముక కనపడుతుంది. తొడ ఎముక మెడ కీలు సంచి లోపల ఉంటుంది, అక్కడ ఎముకను కప్పి ఉండే పొరకి అలా గడ్డ కట్టించే గుణం లేదు. ఆ ఆనవాలు కూడా దొరకదన్నమాట.

తర్వాత రక్త పరీక్షలు. క్యాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, కిడ్నీ, థైరాయిడ్, పారాథైరాయిడ్, విటమిన్ డి. జుట్టుకి బయోటిన్ మాత్రలు వాడుతున్నారా అని ల్యాబులో అడిగితే ఆశ్చర్యపోయాను. వాడుతుంటే కొన్ని హార్మోను పరీక్షల అంకెలు తప్పుగా రావచ్చట, ముందే ఆపి రావాలట. వీటితో పాటు ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అని ఇంకోటి రాశారు. అది దేనికని అడిగితే, “ఎముకను లోపలినుంచి పలచబరిచే రక్త జబ్బు ఒకటి ఉంటుంది, అది లేదని తేల్చుకోవడానికి” అన్నారు. మిగతావన్నీ మర్నాటికి వచ్చేశాయి. ఇది ఒక్కటీ వారం తీసుకుంది. ఆ వారం ఇంట్లో ఎవరు ఏం మాట్లాడినా నా చెవికి ఎక్కలేదు. మా చెల్లి రోజూ ఫోన్ చేసి వేరే కబుర్లేవో చెప్పేది, ఆ సంగతి మాత్రం ఎత్తేది కాదు. చివరికి అందులో ఏమీ లేదని వచ్చింది. తగ్గింది విటమిన్ డి: 20 దాటాల్సింది 11 ఉంది.

డెక్సా స్కాన్, అంటే ఎముక సాంద్రత కొలిచే పరీక్ష, అక్టోబరు 18న. ఎంఆర్ఐతో పోలిస్తే ఇది ఆటలా ఉంది. గొట్టం లేదు, చప్పుడు లేదు. తెరిచి ఉన్న బల్ల మీద పడుకుంటే ఒక చేయి లాంటిది మన మీదుగా నెమ్మదిగా కదులుతుంది. ఖర్చు కూడా ఎంఆర్ఐలో చిన్న వంతు. ఆ రోజు క్యాల్షియం మాత్ర వేసుకోవద్దని మాత్రం ముందే చెప్పారు. మాత్ర కరగకుండా పొట్టలో ఉంటే నడుము పూసల మీద పడి లెక్క తప్పుతుందట. నడుముకి తీసేటప్పుడు కాళ్ళు ఒక మెత్తటి పెట్టె మీద ఎత్తి పెట్టారు. తుంటికి మళ్ళీ పాదం లోపలికి తిప్పే తంతే, కానీ చీలిక లేని ఎడమ వైపుకే తీశారు కాబట్టి నొప్పి లేదు.

ఫలితంలో రెండు అంకెలు. నడుము దగ్గర మైనస్ 1.9, తుంటి మెడ దగ్గర మైనస్ 2.6. దీన్ని టీ స్కోర్ అంటారు, ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముక సాంద్రతతో మనది పోల్చి చెప్పే అంకె. మైనస్ 1 దాకా మామూలు, మైనస్ 2.5కి చేరినా, ఇంకా దిగినా బోలు ఎముకల వ్యాధి, మధ్యలో ఉంటే ఎముక పలచబడుతోందని లెక్క. నడుము అంకె మెరుగ్గా ఉందని మా ఆయన సంతోషపడబోతే డాక్టరు ఆపారు. వయసుతో పూసల అంచుల్లో ముళ్ళలాంటి ఎముక పెరుగుతుంది, మెషీన్ దాన్ని కూడా కలిపి లెక్కేస్తుంది కాబట్టి ఆ అంకె ఉన్నదానికంటే బాగా కనపడొచ్చు. పరుగు వల్ల వచ్చిందా, ఎముక బలహీనత వల్ల వచ్చిందా అంటే రెండూ కలిసే. ఎముక గట్టిగా ఉంటే ఆ కాస్త పరుగుకి చీలేది కాదు.

చంకకర్రల గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. బరువు చంకల మీద కాదు, అరచేతుల మీద వేయాలి. కర్ర పైభాగానికీ చంకకీ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టే సందు ఉండాలి, లేకపోతే అక్కడి నరం నలిగి చేయి తిమ్మిరెక్కుతుంది. నేను కాలిని పూర్తిగా గాల్లో ఎత్తి గెంతుతుంటే ఫిజియో అమ్మాయి ఆపింది. కాలిని ఎత్తి పట్టుకోవడానికి తుంటి చుట్టూ కండలు బిగుసుకుంటాయి, ఆ బిగువంతా కీలు మీదే పడుతుంది. పాదం నేలకి ఊరికే ఆనించి నడిస్తేనే కీలుకి తక్కువ భారం. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రలతో పాటు దెబ్బ కాలు ముందు. స్నానాల గదిలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాను. టీ కప్పు ఒక గది నుంచి ఇంకో గదికి తీసుకెళ్ళలేకపోవడం ఎంత కోపం తెప్పిస్తుందో చెప్పలేను. మూత బిగిసే సీసాలో పోసి మెడలో సంచి వేసుకుని తిరిగాను.

నవంబరు చివర్లో తీసిన ఎక్స్‌రేలో మెడ లోపలి అంచు దగ్గర సన్నటి తెల్లటి గీత కనపడింది. అక్టోబరులో నార్మల్ అన్న ఎక్స్‌రేలో చీలిక ఆనవాలు మానేటప్పుడు తేలింది. అప్పటినుంచి కొద్దికొద్దిగా బరువు వేయమన్నారు. 20 కిలోలు అంటే ఎంతో కాలికి ఎలా తెలుస్తుంది? బరువు చూసుకునే మెషీన్ నేల మీద పెట్టి, దాని మీద కుడి పాదం ఆనించి ముల్లు 20కి వచ్చేదాకా నొక్కి, ఆ ఒత్తిడి గుర్తుపెట్టుకోమంది ఫిజియో. రోజూ పొద్దున అదే పని. వారం వారం అంకె పెంచుకుంటూ జనవరి రెండో వారానికి ఒక కర్ర, నెలాఖరుకి అదీ లేదు.

మళ్ళీ ఎంఆర్ఐ తీసి చూద్దామా అని నేనే అడిగాను. నొప్పి లేదు, కాలు తిప్పితే బాధ లేదు, ఎక్స్‌రేలో మానుతోంది, వాపు మబ్బు ఎంఆర్ఐలో ఇంకా నెలల తరబడి కనపడొచ్చు, అది చూసి మీరు మళ్ళీ నిద్ర పాడు చేసుకుంటారు అన్నారు డాక్టరు. డబ్బు మిగిలినందుకంటే ఆ మాట అన్నందుకే సంతోషించాను.

విటమిన్ డి పెరిగాక ఎముకల మందు మొదలైంది. వారానికో మాత్ర. పొద్దున్నే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్ళతో వేసుకుని, అరగంట పాటు పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. పడుకుంటే మాత్ర అన్నవాహికని ఒరిపిస్తుంది, తింటే మందు ఒంటికి సరిగ్గా పట్టదు. మొదలుపెట్టే ముందు పళ్ళ డాక్టరుకి చూపించుకోమన్నారు. పీకాల్సిన పన్ను ఉంటే ముందే పీకించుకోవాలట, ఈ మందు వాడుతూ పళ్ళు పీకిస్తే అరుదుగా దవడ ఎముక మానకపోయే ఇబ్బంది ఉంది. నాకు ఒకటి పీకారు.

మార్చి నుంచి మామూలుగా నడుస్తున్నాను, పరుగు లేదు. వచ్చే డెక్సా మందు మొదలైన ఏడాదికి. ఒక్కో మెషీన్ అంకె ఒక్కోలా వస్తుంది కాబట్టి తప్పకుండా మొదటిసారి తీసిన మెషీన్ మీదే తీయించుకోమని చీటీ మీద రాసిచ్చారు. చెల్లికి కూడా ఒకసారి తీయించమన్నారు. తనకి వచ్చే నెల తేదీ దొరికింది.